సరంగు గదికి రమ్మన్న కబురు

లోతు కొలిచే సీసపు గుండు బుడుంగున నీళ్ళలో మునిగింది. ఏబ్నర్ క్రౌలీ స్టీమరు ముందు అంచున ఒంగి, గుర్తుకి కట్టిన తోలుముక్క వేళ్ళకు తగిలేదాకా తాడు వదిలాడు. తగలగానే తలెత్తి, "రెండూ... బారలోయ్!" అని రాగం తీశాడు. ఆ కేకను పై అంతస్తులోవాడు అందుకుని, ఇంకా పైన చుక్కాని పట్టిన సరంగుకి అందించాడు.

ఆ ఏడు వానల్లేక మిసిసిపీ పొడుగునా ఇసుక మేటలు తేలాయి. పొద్దున్నుంచీ ఏబ్నర్‌కి ఊపిరి సలపలేదు. తడితాడు రాపిడికి అరచేతులు ఏనాడో కాయలు కాశాయి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. మొక్కజొన్న రొట్టె, ఉప్పుమాంసం నిలబడే తిన్నాడు. పడవలో అతని పేరు తెలిసినవాళ్ళే తక్కువ, "ఒరే గుండోడా" అంటే పలుకుతాడు.

ఈరోజు మాత్రం అతని మనసు మనసులో లేదు. పడవలో ఒకప్పటి సరంగు థాడియస్ రోర్క్ ఉన్నాడు. పని మానేసిన సరంగులు సైతం నది ఎక్కడెక్కడ మారిందో చూసుకోవడానికి ఏ పడవైనా ఊరికే ఎక్కి, సరంగు గదిలో కూర్చుని వెళ్ళొచ్చు. వాళ్ళలో వాళ్ళకున్న మర్యాద అది. పొద్దున పైకి వెళ్తూ ఆ ముసలాయన ఏబ్నర్ దగ్గర ఆగాడు. మనిషి ఎముకల గూడైపోయాడు.

"కాటన్‌వుడ్ మేట దాటాక ఒకసారి పైకి రారా ఏబ్నర్. నీకో మాట చెప్పాలి," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నేళ్ళూ కాచుకున్నది!

వయసులో ఉన్నప్పుడు ఏబ్నర్ రోర్క్‌కి శిష్యుడు. కళ్ళు మూసుకున్నా నది ఒంపులన్నీ చెప్పగలిగేదాకా వచ్చాడు. ఒకనాడు రోర్క్ ఒక దీవి వెనక పాయలోంచి పడవ పోనిమ్మన్నాడు. ఎదురైన సరంగులను నది కబురు అడగడం వాళ్ళకు ఆనవాయితీ. రోర్క్ అడగలేదు, నాకు తెలియని పాయా అనుకున్నాడు. అది వరదకు పూడిపోయి ఉంది. ఇసుకలో కూరుకున్న పడవ మళ్ళీ నీళ్ళు పెరిగేదాకా కదల్లేదు. ఇటు తెమ్మన్నదెవడని కెప్టెన్ అరుస్తుంటే, రోర్క్ కిటికీలోంచి నదిని చూస్తూ ఉండిపోయాడు. చుక్కాని ఏబ్నర్ చేతుల్లో ఉంది కాబట్టి నింద అతని నెత్తినే పడింది. సరంగు మీద శిష్యుడు చెబితే వినేదెవరు? పైగా గురువంటే ప్రాణం. నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏ సరంగూ అతన్ని తన గది గడప తొక్కనివ్వలేదు. ఎంత అన్యాయం! అయినా నదిని వదల్లేక గుండు పట్టుకున్నాడు.

కాటన్‌వుడ్ మేట వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కూలీల మేస్త్రీ పక్కకొచ్చి నవ్వాడు.

"ముసలాయన పిలిచాడంట? నిన్ను సరంగుని చేస్తాడేంట్రా?"

"ఏమో అయ్యా. ఏదో మాటుందట," అని ఏబ్నర్ గుండు విసిరాడు.

బారన్నర. బారంపావు. బారకు జానెడు తక్కువ. పడవ అడుగు ఇసుకను గీరుకుంటుంటే అందరూ బిగుసుకుపోయారు. ఏబ్నర్ మాత్రం ఒక్కో కేకా పైనున్న ఆ ముసలి చెవులకు నేరుగా వినబడాలని గొంతు చించుకున్నాడు. మెల్లగా లోతు పెరిగింది. పడవ మేట దాటింది.

చేతులు కడుక్కుని, చొక్కాకి తుడుచుకుని మెట్లెక్కాడు. గడప దాటి లోపలికి అడుగుపెట్టాడు. చుక్కాని పట్టిన వినెట్ అనే సరంగు నీటి మీంచి చూపు తిప్పలేదు. రోర్క్ గోడవారన బల్ల మీద ఒరిగి ఉన్నాడు.

"నీ కేకలే వింటూ కూర్చున్నాడయ్యా. ఇప్పుడే కళ్ళు మూతపడ్డాయి. నువ్వొస్తే లేపమన్నాడు, లేపు," అన్నాడు వినెట్.

ఏబ్నర్ ఆ ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. అది బరువుగా జారిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"పోయారయ్యా," అన్నాడు చివరికి. "నాకేం చెప్పాలో... మీతో ఏమైనా అన్నారా?"

"నేనడిగాను. అది వాడికే చెప్పాలన్నాడు."

ఏబ్నర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒక్క నిమిషం ఆగలేకపోయావా అయ్యా అంటూ ముసలాయన మోకాలి మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వినెట్ చుక్కాని వదిలి రాలేక, ఎదురుగా నీళ్ళనే చూస్తూ టోపీ తీసేశాడు.

బల్ల పక్కన ముక్కాలిపీట మీద, సరంగులు మాత్రమే తాగే పింగాణీ కప్పులు రెండున్నాయి. వినెట్ కప్పు చుక్కాని పక్కనే ఉంది. ఒకటి సగం తాగి ఉంది. రెండోది నిండుగా కాఫీ పోసి, చల్లారకుండా సాసరు మూసి ఉంది. ఆ సాసరు అంచు కింద నుంచి ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది.