ఈలకు నేర్పిన పాఠం

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు చాలించి, నములుతున్నది మింగేసి కూర్చోండి. ఒక ఈలకు పట్టిన గతి చెబుతాను.

ఐస్‌క్రీమ్ గోదాములో పెట్టెలు సర్దే మనిషి ఒకతె ఉండేది. అందరూ చిచ్చుబుడ్డి అనేవారు. అంటుకుంటే ఆగదు మరి. అక్కడి సూపర్‌వైజరు పొద్దస్తమానం ఈల వేసుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఈలబాబు. ఒకరోజు ఈలబాబు పెట్టెల చాటున గుర్రుపెట్టి నిద్రపోయాడు, చలిగది తలుపు మూయక సరుకంతా కరిగింది. తప్పు ఆడవాళ్ల మీదికి నెట్టాడు. చిచ్చుబుడ్డి ఊరుకుంటుందా? అందరి ముందూ కడిగి ఆరేసింది.

ఆ మధ్యాహ్నమే ఆమె చలిగదిలో ఉండగా వాడు బయట గడియ పెట్టి, ఈల వేస్తూ నిలబడ్డాడు. తలుపు తీసేసరికి ఆమె కన్నీళ్లు చెంపల మీదే గడ్డకట్టి, విదిలిస్తే గాజుపూసల్లా నేల మీద దొర్లాయి. గడియ దానంతటదే పడిందని వాడు యజమానికి చెప్పాడు. యజమాని నమ్మాడు.

అప్పట్నుంచి ఈల వినపడితే చాలు, చిచ్చుబుడ్డి కాళ్లు చచ్చుబడిపోయేవి. ఇంట్లో కుక్కర్ కూత పెడితే మంచం కిందికి దూరేది. చలిగది గడప తొక్కలేకపోయింది. మూడో నెలాఖరుకల్లా లోపలికి వెళ్లకపోతే పనిలోకి రానక్కర్లేదని యజమాని తేల్చేశాడు. పని పోవడం ఒక బాధ. వాడు నవ్వుతూ ఉండిపోవడం అంతకు మించిన బాధ. వాడి నోటితోనే నిజం కక్కించాలని ఆమె పళ్లు నూరేది.

పక్కనే పనిచేసే వదిన ఆమెను మనసు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, ఈల చప్పుడు మొదట సన్నగా, తర్వాత గట్టిగా వినిపించేది. ఈల వచ్చినా ఏమీ కాదని మనసుకు మళ్లీ నేర్పడమన్నమాట. అక్కడ బాగానే ఉండేది. గోదాములో ఈల వినగానే మళ్లీ మొదటికొచ్చేది. ఎన్నిసార్లు వెళ్లినా అదే తంతు.

చివరికి డాక్టరమ్మ, ప్రతిసారీ నెలలో ఈ రోజుల్లోనే ఎందుకొస్తావని అడిగింది. గోదాములో ఒక అలవాటుంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లను చలిలోకి పంపరు, బయట లేబుళ్లు అంటించే పనిచ్చి తొందరగా ఇంటికి పంపేస్తారు. తీరిక దొరికేది అప్పుడే కదా అంది చిచ్చుబుడ్డి. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఆ రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తక్కువుంటుందమ్మా. భయం అక్కర్లేదన్న పాఠం అప్పుడు కొంతమందికి సరిగా నిలవదు. నెల మధ్యలో అది పెరుగుతుంది, అప్పుడు రా. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేను గానీ, చూద్దాం."

నెల మధ్యలో ఆ నాలుగు రోజులూ వదిన రెండు వాటాల పనీ తన నెత్తినేసుకుని ఆమెను పంపింది. ఈసారి పాఠం అంటుకుంది. కుక్కర్ కూస్తే చిచ్చుబుడ్డి లేచి పొయ్యి కట్టేసింది, అంతే.

మర్నాడు పనికి వెళ్తూ ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"వదినా, భయం నేర్చుకునేదే అయితే, నేర్పొచ్చు కూడా కదా?"

"ఎవరికే?"

"ఇంకెవరికి? ఈలబాబుకి."

ఆ రోజు నుంచి వాడు ఈల వేసినప్పుడల్లా వెనకాల ఒక రేకుమూత నేల మీద పడేది. ధన్. చేయి జారిందండీ అనేది చిచ్చుబుడ్డి. ఇంకోసారి వదిన చేయి జారేది. గోదాములో ఆడవాళ్లందరి చేతులకూ అదేం జబ్బో, జారడమే జారడం. వాడి చేతిలో టీ ఎగిరి పైకప్పుకు అంటుకుంది, ఇప్పటికీ ఆ మరక ఉంది. కొన్నాళ్లకు వాడు మూతి సున్నా చుట్టగానే చెవులు మూసుకునేవాడు. ఆమె చూసి కడుపు నిండినట్టు నవ్వుకునేది. కానీ అసలు ఆకలి తీరలేదు. యజమాని కళ్లముందే తేల్చుకోవాలని చలిగదిలోకి మాత్రం కావాలనే ఇంకా అడుగుపెట్టలేదు.

గడువు పెట్టిన నెలాఖరు వచ్చింది. యజమాని వచ్చాడు. ఈలబాబు చలిగది గుమ్మంలో నిలబడి, ఈమె లోపలికి రాలేదండీ అంటూ చాడీలు మొదలెట్టాడు. చిచ్చుబుడ్డి తాపీగా మూతి చుట్టి, వాడి పాటే ఈల వేసింది. రేకుమూత ఇంకా పడనే లేదు, వాడు ఒక్క గెంతులో చలిగదిలోకి దూరి తలుపు లాక్కున్నాడు. ఆమె తలుపుకు మూతి ఆనించి ఈల సాగదీసింది.

లోపల్నుంచి ఏడుపు. "తియ్యవే తల్లీ, ఆ రోజు గడియ పెట్టింది నేనే. నీ కాళ్లు పట్టుకుంటా, గడియ తియ్యి."

యజమాని మొహం మాడిపోయింది.

"గడియ ఎవరు పెట్టారయ్యా?" అంది చిచ్చుబుడ్డి. "తోసుకుని రా."

గడియ నిజంగానే పెట్టలేదు. వాడికి తోయడానికి చేతులు రాలేదు, అంతే. చివరికి ఆమే తలుపు తీసి, వాణ్ని కాలరు పట్టి బయటికి లాగి, తాను లోపలికి నడిచి పెట్టెలు సర్దుకుంది. వాణ్ని యజమాని లేబుళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు, ఆడవాళ్ల కింద.

ఇదంతా నోరు తెరుచుకుని చూసిన లారీ డ్రైవరు, డాక్టరమ్మ వైద్యం సంగతి ఆడవాళ్ల మాటల్లో విన్నాడు కాబోలు, వదిన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, పాపం ఈయన్ని కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నా. ఈయనకి నెలసరి ఎప్పుడొస్తుందో కాస్త కనుక్కుంటావా?"