వయసు వరసలో కూర్చున్న డిస్కులు

మా బడి సర్వర్‌ను మళ్ళీ ప్రారంభించడానికి రాజుగారు వస్తున్నారని తెలియగానే ఉప ప్రధానోపాధ్యాయుడు డోట్సె దానికి స్నానం చేయించాడు. మూత విప్పి, ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి మోసుకొచ్చిన దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. నాలుగు డిస్కులూ బయటికి లాగి, స్పిరిట్‌తో తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టాడు. నా భార్య మావుసి వాటి మీద గుర్తుగా గోళ్ళరంగుతో పెట్టిన చుక్కలు ఆ తుడుపులో పోయాయి.

మావుసి ఈ బడిలోనే లెక్కల టీచరు. ఎవరో పాతబడిందని వదిలేసిన ఆ సర్వర్‌ను తనే బాగుచేసి, అక్కడా ఇక్కడా దొరికిన డిస్కులు పెట్టి నడిపింది. తన పాఠాలన్నీ గొంతుతో చెప్పి అందులో దాచింది. పోయిన హర్మటాన్‌లో ఆమె చనిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. ఇంట్లో ఆమె ఫోటోలున్నాయి. గొంతు మాత్రం ఆ డిస్కుల్లోనే ఉంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే కంప్యూటర్ గదిలో రాజుగారి పీట వేశారు. పక్కన, పోయిన పెద్దల పేరున నేల మీద చుక్కలు పోయడానికి సారా సీసా పెట్టారు. మేమందరం ఆయన్ని తోగ్బె అంటాం. ఆయనతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. మన మాట ఆయన తరఫున మాట్లాడే చియామె అందుకుని ఆయనకు విన్నవిస్తాడు. ఆయన మాట కూడా చియామె నోటి నుంచే మనకు వస్తుంది. పక్కనే కూర్చుని ఆయన అంతా వింటున్నా సరే, పద్ధతి పద్ధతే. యంత్రానికి మినహాయింపు ఎందుకుండాలని చియామె అనుకున్నాడు. తెర మీద పడేది నేను చదవాలి, అతను విన్నవించాలి.

తోగ్బె కోలా గింజ బుగ్గన పెట్టుకుని బటన్ నొక్కారు. ఫ్యాన్లు ఏనుగు ఘీంకరించినట్టు లేచాయి. తెర మీద మొదటి మాట వచ్చింది.

"కీబోర్డు కనబడలేదు. ముందుకు సాగాలంటే ఎఫ్-వన్ మీట నొక్కండి," అని చదివాను.

చియామె కర్ర నేల మీద తాటించాడు. "తోగ్బె, యంత్రం మనవి చేసుకుంటోంది. తనకు చేతులు లేవట. ఆ లేని చేతుల్తోనే తనను తట్టి లేపమంటోంది."

తోగ్బె కాసేపు నమిలారు. "తాగి ఉందేమో కనుక్కో."

"సీసా మూత ఇంకా తియ్యలేదండీ," అన్నాను.

ఆఫీసు గదిలోంచి కీబోర్డు తెచ్చి తగిలించి ఆ మీట నొక్కాను. తెర నల్లబడింది. కింద ఒక్క వాక్యం వెలిగింది. బూట్ చేయడానికి డిస్కు ఏదీ దొరకలేదు.

"ఎక్కణ్ణుంచి నిద్ర లేవాలో తెలియడం లేదంటోంది, తోగ్బె."

"నాకూ ఒక్కో పొద్దున అంతే," అన్నారు తోగ్బె. ఈ మాట చియామె మాకు చెప్పలేదు.

ప్రధానోపాధ్యాయురాలు మేడం సెలోర్మె మొహానికి చెమటలు పట్టాయి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న సీడీ తెచ్చి ట్రేలో పెట్టింది. సర్వర్ ట్రేని లోపలికి లాక్కుని, మళ్ళీ నాలుక చాపినట్టు బయటికి తోసింది. మేడం మళ్ళీ నెట్టింది. అది మళ్ళీ చాపింది.

"రాజుగారి ముందు వెక్కిరిస్తావా?" అని డోట్సె దాని నెత్తిన ఒక్కటిచ్చాడు. దెబ్బకు ట్రే లోపలికి పోయి ఉండిపోయింది. కాసేపటికి తెర మీద ప్రశ్న వచ్చింది. నేను చదవలేదు.

"చదువు, అగ్బెకో," అంది మేడం.

"డిస్కుల్లో ఉన్నదంతా చెరిపేసి మొదలుపెట్టనా అని అడుగుతోంది."

"కడుపులో ఉన్నదంతా కక్కెయ్యనా అంటోంది, తోగ్బె," అన్నాడు చియామె.

"కడుపులో ఏముందట?"

అందరూ నా వైపు చూశారు. "మావుసి గొంతు ఉంది," అన్నాను.

చియామె ఆ మాటకు ఏమీ చేర్చకుండా అలాగే విన్నవించాడు.

మేడం నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "నాకు తెలీదనుకోకు నాయనా. కానీ పిల్లలకి యంత్రం కావాలి. తోగ్బె కూర్చుని ఉన్నారు. ఆ సీసా మూత తీసేలోగా నీకేదైనా తోస్తే చెయ్యి. లేదంటే అవును అని నొక్కేస్తా."

నేను సర్వర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని డిస్కుల వైపు చూశాను. ఏ అరలోది ఆ అరలోనే ఉండాలి. స్థలం మారితే ఈ పాత యంత్రం తన డిస్కుల్ని తనే గుర్తుపట్టదు.

"డోట్సె అన్నా, తుడిచాక వీటిని ఏ వరసలో పెట్టావు?"

"మర్యాద ప్రకారం పెట్టా."

"అంటే?"

"చీటీ మీద పుట్టిన సంవత్సరం ఉంటుందిగా తమ్ముడూ. అందరికంటే పెద్దాయన మొదటి అరలో, పసివాడు చివర్లో. రాజుగారొస్తుంటే పిల్లకాయని ముందు కూర్చోబెట్టమంటావా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"అంతకుముందు ఏ వరసలో ఉన్నాయి?"

"ఎవరు చూశారు? సిగ్గులేకుండా ఎక్కడ పడితే అక్కడ కూర్చుని ఉన్నాయి."

నాలుగింటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో మావుసి పిల్లలకు చాలా బాగా చెప్పేది. ఆ పాఠం కూడా ఆ డిస్కుల్లోనే ఉంది.

చియామె సీసాను తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

మా ఇంట్లో మొక్కజొన్న పిండి అక్ప్లె ముద్దలు పెట్టేటప్పుడు మావుసి మొదటి ముద్ద మా చిన్నపిల్ల ఎలికి వేసేది. తర్వాత దాని పై వాడికి, ఆ తర్వాత పెద్దవాడికి. ఆఖర్న నాకు. ఒకసారి మా అమ్మ వచ్చి అది చూసి, ఇంటి యజమానికి కుండ అడుగున మిగిలింది పెడుతోందని రెండు పూటలు అన్నం మానేసింది. మావుసి తన వరస మార్చలేదు. పెద్దవాళ్ళు ఆగగలరు, పసివాళ్ళు ఆగలేరు అనేది.

"అన్నా, తిరగెయ్యి," అన్నాను. "పసివాడు మొదట. పెద్దాయన చివర."

డోట్సె సర్వర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "నేను చెయ్యను. రాజుగారి ఎదుట పెద్దాయన్ని మెడపట్టి వెనక్కి నెట్టమంటావా? రేపు నా చావుకి ఎవడైనా వస్తాడా?"

"అది ఇనుప ముక్క, డోట్సె!" అంది మేడం.

"ఇనుమైనా వయసు వయసే, మేడం."

చియామె ఈ తగువంతా రాగం తీస్తూ విన్నవించాడు. తోగ్బె కోలా గింజను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చారు.

"పండగ ఊరేగింపులో నేనెక్కడుంటానో ఆ పంతుల్ని అడుగు."

చియామె అడిగాడు.

"అందరికంటే చివర అని విన్నవించు," అన్నాడు డోట్సె. "ముందు చిన్న దొరలు నడుస్తారు."

"దాంతో నాకేమైనా తక్కువైందా అని అడుగు."

డోట్సె పక్కకు తప్పుకున్నాడు. అయినా పెద్ద డిస్కును తన చేతుల్తోనే బయటికి తీసి, దాని చెవిలో చెప్పినట్టు ఏదో గొణిగాడు. చియామె సీసా మూత తీసి, పెద్దాయన క్షమించాలని నేల మీద మూడు చుక్కలు పోశాడు. నాలుగో చుక్క సర్వర్ మీద పోయబోతుంటే మేడం చెయ్యి పట్టుకుంది.

సీడీ బయటికి తీసి యంత్రాన్ని ఆపాం. నేను డిస్కుల్ని ఒక్కొక్కటిగా నెట్టాను. పసిది మొదటి అరలో, పెద్దది చివరి అరలో. నాలుగూ టక్‌మని కూర్చున్నాయి. తోగ్బె మళ్ళీ బటన్ నొక్కారు.

ఏనుగు ఘీంకరించింది. తెర చాలాసేపు నల్లగా ఉంది. తర్వాత అక్షరాలు చీమల బారులా పైకి పాకడం మొదలుపెట్టాయి.

"ఏమంటోంది?" అన్నాడు చియామె.

"లేస్తోంది," అన్నాను.

పాఠాల జాబితా వచ్చింది. పేరు చూడకుండానే ఒకటి నొక్కాను. గోడకున్న స్పీకర్లు గురగురలాడాయి. చాక్‌పీసు బల్ల మీద పెట్టిన చప్పుడు, చిన్న దగ్గు, ఆ తర్వాత మావుసి గొంతు.

"వెనక కూర్చున్నాయనా, నిన్నే. నోట్లో ఏముంది? ఉమ్మేసి రా. నువ్వు నమలడం అయ్యేదాకా భిన్నాలు ఆగవు."

మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మాట విన్నవించాలా వద్దా అని చియామె నా వైపు చూశాడు.

అవసరం లేకపోయింది. తోగ్బె బుగ్గలోని కోలా గింజను మెల్లగా తీసి చియామె అరచేతిలో పెట్టి, పీట మీద నిటారుగా కూర్చున్నారు.

"అదీ," అంది మావుసి. "ఇప్పుడు మొదలుపెడదాం."