కారం చెయ్యి

శ్రీరమ్య తీసిన సినిమాని మా ఊరి ఫంక్షన్ హాల్లో వేస్తున్నారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. రంజాన్ వెళ్ళిపోయి నెలయింది, ఇప్పుడెందుకు రోజా ఉంటున్నావని మా ఆయన గఫూర్ వేళాకోళం చేశాడు. నా గొడవ ఆయనకేం తెలుసు.

నేను ముఠా మేస్త్రిని. నల్లపాడు రోడ్డులో ఒక షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఎండుమిరపకాయలకి తొడిమలు తీయిస్తాను. జోహరాబీ నోటికంటే మిరపకాయే నయమని ముఠాలో అందరూ అంటారు, నేనూ కాదనను. ఇరవై రెండేళ్ళుగా నా పక్కన కూర్చునే మనిషి వెంకటేశ్వరమ్మ. శ్రీరమ్య ఆమె కూతురు. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె కొడుకు శ్రీకృష్ణ స్నేహితులతో కొత్తపట్నం వెళ్ళి, సముద్రంలో దిగి, మళ్ళీ పైకి రాలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లాడు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజున గానీ, పెద్దకర్మ నాడు గానీ వెంకటేశ్వరమ్మ కంట ఒక్క చుక్క రాలలేదు. ఇదేం తల్లి అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది.

కర్మ అయిన మూడో రోజే ఆమె పనికొచ్చింది. మధ్యాహ్నానికి ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే ఆడవాళ్ళు చూసి, పోనీలే, ఇప్పటికైనా ఏడ్చింది అనుకున్నారు. నేను నోరు మూసుకుని ఉండొచ్చుగా. "అవి కారం కన్నీళ్ళే, కడుపుకోత కన్నీళ్ళు కాదు" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. అప్పటికి ఇంటర్ చదువుతున్న శ్రీరమ్య అమ్మకి క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ మాట అన్న మరుక్షణం నుంచి నేను సిగ్గుపడుతూనే ఉన్నాను. వెంకటేశ్వరమ్మ ఏనాడూ దాని ఊసెత్తలేదు. నేనూ తప్పయిందని చెప్పలేదు. ఇప్పుడా పిల్ల హైదరాబాద్‌లో చదువుకొచ్చి వాళ్ళమ్మ కథే సినిమాగా తీసిందట. తల్లి ఉంటే షెడ్డు ఉంటుంది, షెడ్డు ఉంటే మేస్త్రి ఉంటుంది, మేస్త్రి ఉంటే ఆ మాటా ఉంటుంది. ఊరందరి ముందు, తెర నిండా. పోనీ వెళ్ళకుండా ఉందామా అంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. వెళ్ళాను.

ఆదివారం షెడ్డుకి సెలవు. మధ్యాహ్నం హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. వెంకటేశ్వరమ్మ వచ్చి, షెడ్డులో లాగే, నా ఎడమ పక్కన కూర్చుంది. కుడి పక్కన మా కోడలు నజ్మీన్.

ఆ సినిమాని ఏమని చెప్పను. పాటల్లేవు, కొట్లాటల్లేవు, మాటలే లేవు. ఒకామె నిద్ర లేస్తుంది, వాకిలి ఊడుస్తుంది. అలవాటుగా ముగ్గురికి బియ్యం కొలుస్తుంది, కాసేపు చేటలోకి చూస్తుంది, ఒక గ్లాసెడు తీసి మళ్ళీ డబ్బాలో పోస్తుంది. ఆ ఒక్క పనికే పది నిమిషాలు పట్టింది. ముందు వరసలో మా వీధి బుల్లయ్య గురక పెట్టాడు. వెనకాల కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. నజ్మీన్ మాత్రం బియ్యం వెనక్కి పోసే దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత షెడ్డు వచ్చింది. ఆమె మిరపకాయల కుప్ప ముందు కూర్చుని, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, తొడిమలు తీసే చేత్తోనే రెండు కళ్ళూ తుడుచుకుంది. నీళ్ళు కారాయి. పక్కనున్న మేస్త్రి తలెత్తి ఆమెని చూసింది, నోరు తెరిచింది. ఇక వస్తుంది ఆ మాట, అనుకున్నాను. మేస్త్రి ఏమీ అనకుండా నోరు మూసుకుని ఇంకో కాయ అందుకుంది.

సినిమా అయిపోయేదాకా ఎదురుచూశాను. ఆ మాట రాలేదు. మెడ మీద నుంచి కత్తి తీసినట్టయింది.

లైట్లు వేశాక శ్రీరమ్య మైకు పట్టుకుని, ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పమని అడిగింది. మా వాళ్ళకి మొహమాటమా? గంటన్నర కూర్చుంటే ఎవరూ ఎవర్నీ ఒక చెంపదెబ్బైనా కొట్టలేదని బుల్లయ్య మొదలుపెట్టాడు. రిటైరైన సంజీవరావు మాస్టారు లేచి, తన భార్య చనిపోయిన ఏడాదంతా ఇంట్లో తనకీ ఇలాగే పొద్దు గడవలేదనీ, సినిమా నిజంగా ఉందనీ, కానీ రెండోసారి మాత్రం చూడలేననీ చెప్పారు. ఇంట్లో ఉన్న ఏడుపు చాలక ఇక్కడికొచ్చి చూడటం దేనికని బుల్లయ్య అడ్డుతగిలాడు. సగం హాలు నవ్వింది. నిద్రపోయినవాళ్ళకి సినిమా గురించి చెప్పే హక్కు లేదని మా నజ్మీన్ గట్టిగానే అంది. మిగతా సగం చప్పట్లు కొట్టింది.

అక్కడితో నేను ఇంటికెళ్ళిపోవాల్సింది. గండం గడిచిందన్న ధైర్యం నన్ను లేపి నిలబెట్టింది. తాలుకాయలు ఏరే కళ్ళాయె, తప్పు కనిపిస్తే ఊరుకోవు. మైకు తీసుకున్నాను.

"అమ్మాయ్, అంతా బాగానే తీశావు. కానీ మిరపకాయలు పట్టుకున్న చేత్తో ఎవరైనా కళ్ళు తుడుచుకుంటారా? మోచేతి పైన రెట్టతో తుడుచుకుంటాం. మా ముఠాలో నిన్నగాక మొన్న చేరిన పిల్లనడిగినా చెబుద్ది."

హాలంతా ఒకటే నవ్వు. అప్పటిదాకా కొట్టుకున్న రెండు పక్షాలూ కలిసి నవ్వాయి. శ్రీరమ్య వాళ్ళమ్మ వైపు చూసింది. వెంకటేశ్వరమ్మ కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది. మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడింది.

"పిల్ల తప్పేం లేదు వదినా. నేనట్టాగే తుడుచుకున్నా. ఏడుపు రావట్లేదు. ఎట్టాగైనా ఏడవాలనుకున్నా."

ఎవరూ నవ్వలేదు. నేను మైకు ఎవరి చేతికిచ్చానో కూడా గుర్తులేదు. జానెడు దూరంలో కూర్చున్న మనిషి తన కళ్ళలో తనే కారం పెట్టుకుంటే, నేను చూడలేదు. చూడకపోగా ఆ మాటన్నాను.

జనం కదిలారు. చెప్పులు వేసుకుంటూ, ఎంతైనా సాగదీసిందని బుల్లయ్య మళ్ళీ అన్నాడు గానీ, ఈసారి గొంతు తగ్గించి అన్నాడు. మాస్టారు శ్రీరమ్య తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు, మేమిద్దరం మిగిలాం.

"తప్పయింది వదినా" అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత అన్నాను. "ఆ మాట సినిమాలో ఉంటదని భయపడి చచ్చా."

"రాసిందిలే. నేనే తీసెయ్యమన్నా."

"ఎందుకు?"

"రేపు పొద్దున మళ్ళీ ఇద్దరం ఒక కుప్ప దగ్గర కూచోవాలి గదా."

నాకు ఏడుపు ఆగలేదు. అలవాటు కొద్దీ కళ్ళు తుడుచుకోడానికి రెట్ట ఎత్తాను. వెంకటేశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఇయ్యాల ఆదివారం వదినా" అంది. "చేత్తోనే తుడుచుకో."