నూకలు రాలే అంచు

విశాఖ దగ్గర సముద్రపక్షులు మేతకు ఎక్కడ చేరతాయో వరంగల్ మట్టెవాడలో మా ఇంట్లో కూర్చొని, ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పడం నా పని. మొదటిసారి ప్రవాహం జోరుగా ఉన్నచోటికి పడవను పంపాను. ఒక్క పక్షీ లేదు.

“వరంగల్‌లో సముద్రం ఉందేటండీ?” అని పడవ నడిపే అప్పలరాజు ఫోన్లో నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మరునాడు పొద్దున అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట అంచు నుంచి నూకలు రాలుతున్నాయి. పిచ్చుకలు ముందే అటువైపు చేరి కాచుకున్నాయి.

“ఏందే స్నేహా, గట్ల చూస్తానవ్?” అంది అమ్మ.

లోపలికి ఉరికాను. సుడి తిరిగే ప్రవాహం పక్కనీటిని ఒరుసుకునే అంచున సన్నజీవులు పోగవుతాయి, వాటికోసం చేపలొస్తాయి. పడవను ఆ అంచుకే పొమ్మన్నాను.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టగానే ఇల్లంతా కూతలు.

“మేడమ్! నెత్తిమీదంతా పిట్టలేనండీ! ఆకాశం కనపడ్డం లేదు!”

“సముద్రం ఎక్కడుందండీ అప్పలరాజు గారూ?”

“మీ వరంగల్‌లోనే ఉందండి బాబూ!”

“గంత లొల్లేందే?” వాకిట్లోంచి అమ్మ అరిచింది.

“పిట్టలమ్మా! నూకలకొచ్చినయి!”