మోచెయ్యి చూసినవాడు

ఆ రోజు పొద్దున డెప్ట్‌ఫర్డ్ మీద ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. నది మీంచి వచ్చిన గాలి మబ్బును రెండు మూడు సార్లు తోసి చూసి, వల్లకాక మానేసింది. వాన పడుతోందని చెప్పలేం గాని బయటికి వెళ్ళిన ప్రతివాడి టోపీ తడిసింది. పక్షులు పొగగొట్టాల మీద మెడలు లోపలికి లాక్కుని, ఎవరితోనో మాట పడినట్టు కూర్చున్నాయి.

సెడ్రిక్ టోవీ కిటికీలోంచి ఇదంతా చూసి, బూట్లకు రెండోసారి పాలిష్ పెట్టాడు. ఎనభై దాటిన మనిషి. బస్సు డిపోలో చక్రాలు విప్పడం, బిగించడంలోనే వయసు గడిచిపోయింది. ఊళ్ళో అతనికి ఒకటే పేరు, మోచెయ్యి చూసినవాడని.

ఆ పేరు పందొమ్మిది వందల అరవై మూడులో వచ్చింది. అప్పటికి బ్రిక్ హెరన్స్ అనే బృందాన్ని ఎవరూ ఎరగరు. మాంసం కూరిన పైలు అమ్మే దుకాణం కింద నేలమాళిగలో హాల్‌బర్డ్ క్లబ్ అని ఒకటి ఉండేది. వాళ్ళు మొట్టమొదట వాయించింది అక్కడే. సెడ్రిక్ వెళ్ళాడు. ఆలస్యంగా వెళ్ళాడు కాబట్టి స్తంభం వెనక చోటు దొరికింది. ఇటుకల స్తంభం. ఇద్దరు చేతులు పట్టుకుంటే గాని చుట్టు రాదు. కచేరీ అయ్యేదాకా అతనికి కనపడింది డ్రమ్ములు వాయించేవాడి ఎడమ మోచెయ్యి ఒక్కటే.

తర్వాత బ్రిక్ హెరన్స్ లోకమంతా తిరిగారు. ఫుట్‌బాల్ మైదానాల్లో వాయించారు. అక్కడికి ఒకసారి వెళ్ళినవాడొకడు, డ్రమ్ములవాడు ఆవగింజంత కనిపించాడని చెప్పాక సెడ్రిక్ వెళ్ళలేదు. వాళ్ళ రికార్డులన్నీ కొన్నాడు. అట్టల మీద బొమ్మలు చూశాడు. జుట్టూ గడ్డమూ తప్ప మనిషి కనిపించలేదు. మొదటి కచేరీకి వెళ్ళావట, ఎలా ఉందని ఎవరైనా అడిగితే, మోచెయ్యి బావుందని చెప్పేవాడు. జనం నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. ఆ మోచెయ్యి నిజంగా బావుంది. చచ్చేలోగా దాని తాలూకు మనిషిని ఒక్కసారి నిండుగా, వాయిస్తుండగా చూడాలని ఉంది. అంతకు మించిన కోరిక లేదు.

ఇవాళ ఆ అవకాశం వచ్చింది. బ్రిక్ హెరన్స్‌లో మిగిలిన ముగ్గురూ, పాడేవాడూ గిటారువాడూ డ్రమ్ములవాడూ, అదే నేలమాళిగలో ఆఖరి కచేరీ చేస్తున్నారు. మధ్యాహ్నం రెండింటికి, ఎందుకంటే పాడేవాడు నాలుగింటికి పడుకోవాలి. ఆనాడు మొదటి కచేరీకి వచ్చినవాళ్ళకు మాత్రమే ప్రవేశం. లోపల నలభై మంది పడతారు. ఆనాడు అంతమంది కూడా రాలేదు. ఇవాళ వచ్చిన జనం మాత్రం దుకాణం గుమ్మం నుంచి రైలు వంతెన దాటి, చర్చి గోడ చుట్టూ తిరిగి, మళ్ళీ దుకాణం వెనక గుమ్మం దాకా వచ్చేశారు. వాళ్ళలో నలభై ఏళ్ళ మనిషి కూడా ఉన్నాడు.

అందుకే పరీక్ష పెట్టారు. పెట్టినవాడు మోరిస్ డెంచ్, మొదటి కచేరీ సంఘానికి పెద్ద. ఆ సంఘంవాళ్ళు ప్రతి శనివారం పబ్‌లో చేరి మొదటి కచేరీ కథ చెప్పుకుంటారు. ఎన్నేళ్ళుగానో చెప్పుకుని చెప్పుకుని అది స్థలపురాణం అయి కూర్చుంది. పాట మధ్యలో దీపాలు పోయాయనీ, పాడేవాడు అగ్గిపుల్ల వెలిగించి పాడాడనీ, డ్రమ్ములవాడి కర్రలు విరిగిపోతే పై దుకాణంలోకి పరిగెత్తి రెండు గరిటెలు తెచ్చి వాయించాడనీ, ఆపడానికొచ్చిన పోలీసు తనే చిందులేశాడనీ అందరికీ కంఠస్థం. ఒక్క ముక్క తప్పు చెప్పినవాడు ఆనాడు రానట్టే లెక్క.

సెడ్రిక్ ఆ శనివారాలకు ఒక్కసారే వెళ్ళాడు. తనకు దీపాలు పోయినట్టు గుర్తులేదన్నాడు. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

బస్సులో వస్తున్నంతసేపూ భార్య హిల్డా అతనికి పాఠం చెప్పింది. గరిటెలు అను, అగ్గిపుల్ల అను, పోలీసు అను, మూడు మాటలు, నోరేమీ అరిగిపోదు అంది. తను చూడలేదు కదా అన్నాడతను. చూశామన్న వాళ్ళు మాత్రం చూశారా అంది. అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఇదిగో చూడు ముసలాడా," అంది హిల్డా. "పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మోచేతితో కాపురం చేస్తున్నాను. ఇవాళ మొత్తం మనిషిని చూసొచ్చెయ్. నీకూ తీరుతుంది, నాకూ వదుల్తుంది."

సరే, గరిటెలంటానన్నాడు సెడ్రిక్.

వరసలో అతని వెనక ఒక పొట్టి ముసలాయన వచ్చి నిలబడ్డాడు. నున్నటి తల, వాన కోటు, చేతికర్ర. ఇద్దరూ మోకాళ్ళ గురించి కాసేపు, బస్సుల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. తన కూతురు కారులో వంతెన దగ్గర దింపి పోయిందని, ఎక్కడికెళ్ళాలో తెలియక వరస కనబడితే నిలబడ్డానని ఆయన చెప్పాడు. మంచి పని చేశారన్నాడు సెడ్రిక్. వరస ఉందంటే చివర ఏదో ఒకటి ఉంటుంది.

నేలమాళిగలోకి ఇద్దరిద్దరిని పంపుతున్నారు. సెడ్రిక్ వంతు వచ్చేసరికి వెనకాయనా తోడు దిగాడు. బంగాళాదుంప బస్తాలు గోడకు జరిపి ఉన్నాయి. అవతలి మూల డ్రమ్ములు సిద్ధంగా ఉన్నాయి. నడిమధ్య స్తంభం, అదే ఇటుకలు, అదే చెమ్మ. మోరిస్ డెంచ్ దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పక్కన కుర్చీలో గ్లెనిస్ యార్డ్లీ, సంఘానికి కార్యదర్శి, ఒళ్ళో బ్యాడ్జీల పెట్టె పెట్టుకుని కూర్చుంది. గట్టెక్కినవాళ్ళకు ఒకటి గుచ్చి పక్క గదిలోకి పంపుతోంది.

దీపాలు పోయినప్పుడు ఏం జరిగిందని మోరిస్ అడిగాడు. అగ్గిపుల్ల అన్నాడు సెడ్రిక్. చెవులు వేడెక్కాయి. డ్రమ్ములవాడు దేనితో వాయించాడని అడిగాడు. గరిటెలు. గ్లెనిస్ బ్యాడ్జీ తీసి సూది తెరిచింది.

"చివరిది, ఊరికే అడుగుతాం," అన్నాడు మోరిస్. "నువ్వెక్కడ నిలబడ్డావు?"

ముందు వరసలో అనాలి. పొద్దున్నుంచి వచ్చిన ప్రతివాడూ అదే అన్నాడు. హిల్డా ఈ ప్రశ్న ఊహించలేదు. సెడ్రిక్ కళ్ళు వాటంతటవే పాత చోటుకు పోయాయి.

"స్తంభం వెనక," అన్నాడు.

గ్లెనిస్ బ్యాడ్జీ సూది మూసేసింది.

"ఏ స్తంభం?" అన్నాడు మోరిస్.

"నువ్వు ఆనుకున్నది."

మోరిస్ వెనక్కి తిరిగి చూడలేదు. వీపు కాస్త సర్దుకున్నాడు. "హాల్‌బర్డ్‌లో స్తంభం లేదు సెడ్రిక్. ఎన్ని శనివారాలు చెప్పుకున్నాం, ఎవడి నోటా స్తంభం మాట రాలేదు. వచ్చిన ప్రతివాడూ అంతా చూశాడు. స్తంభం ఉంటే ఎలా చూస్తారు?"

పైన రెండంతస్తుల ఇల్లు దీని మీదే నిలబడి ఉంది కదా అన్నాడు సెడ్రిక్. అది తర్వాత కట్టుంటారంది గ్లెనిస్. ఇల్లు విక్టోరియా రాణి కాలందని బయట రాతి మీద చెక్కి ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"ఏమీ అనుకోకు," అన్నాడు మోరిస్, గొంతు తగ్గించి. "నిన్ను రానిస్తే స్తంభాన్ని ఒప్పుకోవాలి. దాన్ని ఒప్పుకుంటే మేమంతా ఎటు పోవాలి?"

సెడ్రిక్‌కు ఆ మాట అర్థమైంది. అందుకే కోపం రాలేదు. మెట్ల దగ్గర బస్తా మీద కూలబడ్డాడు.

వెనకాయన వంతు వచ్చింది. దీపాలు పోయినప్పుడు ఏం జరిగిందంటే, దీపాలు పోలేదన్నాడు. డ్రమ్ములవాడు దేనితో వాయించాడంటే, కర్రలతో అన్నాడు.

"కర్రలు విరిగాయి గదా," అన్నాడు మోరిస్.

"విరగలేదే. ఉన్నది ఒక్క జత. విరిగుంటే మా అమ్మ నా వీపు విరగ్గొట్టేది."

"మీ అమ్మకేం సంబంధం?"

"డ్రమ్ములు నావి గదా. నేను లెన్ ప్రౌట్‌ని."

మోరిస్ అలసిపోయిన మనిషిలా నిట్టూర్చాడు. గ్లెనిస్ జాలిగా చూసింది.

"పెద్దాయనా, ఇవాళ వచ్చిన లెన్ ప్రౌట్‌లలో మీరు నాలుగోవారు," అంది. "ముందొచ్చిన ముగ్గురూ గరిటెలనైనా సరిగ్గా చెప్పారు."

ముసలాయన వాదించలేదు. తన డ్రమ్ముల వైపు ఒకసారి చూసి, చేతికర్ర తీసుకుని, మెట్లెక్కి పైకొచ్చాడు. వెనకే సెడ్రిక్ వచ్చాడు.

పైన దుకాణంలో హిల్డా బల్ల దగ్గర కూర్చుని ఉంది. మొగుడి మొహం చూసి పక్క కుర్చీ లాగింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర సర్దుకున్నారు. సెడ్రిక్ ఆయన ఎడమ వైపు చూపు పోకుండా చాలాసేపు పట్టుకున్నాడు. చివరికి చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలిస్తుండగా మోచెయ్యి ఒక్కసారి బయటికి పొడుచుకొచ్చింది. ముడతలు పడింది, చిక్కింది, కాని మలుపు అదే.

తను వెళ్ళి ఆ పాడేవాడికీ గిటారువాడికీ చెప్తానన్నాడు సెడ్రిక్. లేవబోయాడు. వాళ్ళు వెనక గుమ్మంలోంచి వచ్చి ఈపాటికి దిగే ఉంటారు, ఒక్క మాట చెప్తే చాలు, లెన్ లోపలికి వెళ్ళొచ్చు, లెన్ గట్టిగా అడిగితే తనూ వెళ్ళొచ్చు.

"కూర్చోవయ్యా," అన్నాడు లెన్. "వాళ్ళకు చెవులు పనిచెయ్యక పదేళ్ళయింది. వెనక ఎవడున్నాడో ఎన్నడూ తిరిగి చూసిన పాపాన పోలేదు. వాళ్ళ వీపులు నాకు తెలుసు. మొహాలు ఫోటోల్లో చూశాను."

కింద జనం కేకేశారు. అప్పుడే మోరిస్ డెంచ్ రొప్పుతూ పైకొచ్చి, దుకాణపు షీలాను రెండు గరిటెలు అడిగాడు. డ్రమ్ములవాడు ఇంకా రాలేదట. ఎన్నో శనివారాలుగా చెప్పుకుంటున్న వాయింపు కాబట్టి తనకు దెబ్బ దెబ్బా తెలుసట, తనే కానిచ్చేస్తాడట. పులుసులో ఉన్న గరిటె, కడిగి పెట్టిన గరిటె, రెండూ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. లెన్‌ను దాటుకునే వెళ్ళాడు. క్షమించాలి పెద్దాయనా అని కూడా అన్నాడు.

కింద మోత మొదలైంది. గరిటె దెబ్బలు మెట్ల మీంచి పైకొస్తున్నాయి, ఊరేగింపులో దారి తప్పిన మేళంలా. లెన్ తల పక్కకు వంచి విన్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగింది హిల్డా.

"నాకన్నా నయం," అన్నాడు లెన్. "వాడికి కథ తెలుసు."

సెడ్రిక్ బల్ల మీద చెయ్యి ఆనించి ముందుకు వంగాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఎవరినీ అడగనిది అడిగాడు.

"ఆనాడు అక్కడ స్తంభం ఉందా లెన్?"

"ఉంది," అన్నాడు లెన్. "నా ముందు అదే ఉంది. జనం అంతా దానికి అటు వైపు. నాకు ఒక్క మనిషీ కనపడలేదు. ఎవరూ రాలేదనుకుని వాయించాను."

"నేను వచ్చాను."

"నువ్వెక్కడున్నావు?"

"దాని వెనకే."

లెన్ అతని వైపు పూర్తిగా తిరిగాడు. బట్టతల, నీళ్ళూరే కళ్ళు, ఒక చెవి కాస్త పెద్దది, గడ్డం కింద గీసుకోవడంలో తప్పిపోయిన రెండు తెల్లవెంట్రుకలు. సెడ్రిక్ అన్నిటినీ వరసగా చూశాడు. లెన్ కూడా అతన్ని అలాగే చూశాడు, బూట్ల దాకా. లెన్ వాయించడం మాత్రం సెడ్రిక్ ఇక చూడలేడు. ఆ సంగతి తెలిసింది. మింగుడుపడడానికి కొంచెం సేపు పట్టింది.

"అయితే ఒకడొచ్చాడన్నమాట," అన్నాడు లెన్.

షీలా మూడు పళ్ళేలు తెచ్చింది. మాంసం కూరిన పై, పక్కన మెదిపిన బంగాళాదుంప. పచ్చటి పులుసు టీ కప్పుతో ముంచి పోస్తూ, గరిటెల్లేవు బంగారం, సర్దుకోండి అంది. గుమ్మం తలుపు మూసి, తనూ ఒక పళ్ళెం తెచ్చుకుని నాలుగో కుర్చీ లాక్కుంది. కింద జనం చప్పట్లు కొడుతున్నారు. హిల్డా మిరపకాయల వెనిగర్ సీసా ముందు లెన్‌కు జరిపింది. లెన్ వేసుకుని సెడ్రిక్‌కు ఇచ్చాడు. సెడ్రిక్ పై పెంకు చెంచాతో పగలగొట్టాడు. ఆవిరి లేచింది. నలుగురూ తలలు వంచుకుని, ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నారు.