దారి కట్టిన ఆదివారం

నేను ఒక కత్తిని. ఇప్పుడు నన్ను నూరుతున్నారు, అందుకే గొంతు కాస్త గరగరలాడుతుంది. ఏమీ అనుకోకండి. అచ్చియ్యమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా గుమ్మం పక్కనున్న చదునురాయి దగ్గర కాలు చాపుకుని కూర్చుంటుంది. రాయి మీద చారెడు నీళ్ళు చల్లుతుంది. ఒక వైపు నూరి, రెండో వైపు తిప్పుతుంది. నిన్నటి పదును ఇంకా పోలేదని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. అయినా నూరుతుంది. మనుషుల చేతులకు ఖాళీగా ఉండటం రాదు. ఆ చేతుల కింద మాలాంటివాళ్ళం అరిగిపోతూ ఉంటాం.

పుట్టుకతో నేను కత్తిని కాను. ఒక లారీ కింద కమాను పట్టీగా ఉండేదాన్ని. ఊళ్ళన్నీ తిరిగాను గాని, లారీ అడుగు తప్ప ఏమీ చూడలేదు. ఒకనాడు గోతిలో పడి విరిగాను. సంత దగ్గర కొలిమి పెట్టుకున్న కన్నబాబు నన్ను తెచ్చి నిప్పుల్లో పెట్టాడు. అతను దాగలి మీద పట్టుకుంటే, అతని భార్య సమ్మెటతో కొట్టింది. కొట్టిన చేతికే పిడి చెక్కే పని కూడా అప్పగించాడు. ఆవిడ తన గుప్పిటకు సరిపోయేలా చెక్కుకుంది. నన్ను చేయించుకున్న జీడితోట కాపలావాడు వచ్చి పట్టుకుని చూస్తే, అతని గుప్పిట్లో పిడి అగ్గిపుల్లలా ఉంది.

"ఇదేటి, ఆడోళ్ళ కత్తి సేసినావు!" అని అక్కడే పడేసి పోయాడు.

ఆ మధ్యాహ్నమే అచ్చియ్యమ్మ సంతకొచ్చి, పట్టుకుని చూసి, బేరమైనా ఆడకుండా నన్ను కొంగున చుట్టుకుంది. మగవాడు వద్దన్న మాట వల్ల నాకు మంచి చెయ్యి దొరికింది.

వాళ్ళ ఊరు జోడుమెట్ట కొండకు కింద ఉంది. కొండమీద చీపురుగడ్డి పెరుగుతుంది. చలికాలం చివర ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎక్కి, గడ్డి కోసి, మోపులు కట్టి దిగుతారు. ఎక్కడానికి ఒకే కాలిబాట. దాని సగంలో నీళ్ళమలుపు అనే చోటు ఉంది. వానాకాలం నీళ్ళు అక్కడ బాటను అడ్డంగా కోసుకుపోతాయి. ఏటా రెండు రాళ్ళు తీసుకుపోతాయి, ఎవరూ తిరిగి పెట్టరు. అందరూ నడిచేదాన్ని ఎవరూ తమదనుకోరు. మనుషుల తీరే అంత.

మూడేళ్ళ కిందట అచ్చియ్యమ్మ మోపు నెత్తిన పెట్టుకుని దిగుతూ ఆ మలుపు దగ్గర జారింది. నేను ఎగిరి పొదలో పడ్డాను. భర్త తవిటినాయుడు వచ్చి ఆవిడను వీపున మోసుకుపోయాడు. కాలు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. మర్నాడు తవిటినాయుడు నన్ను వెతికి తెచ్చి చూరులో దోపాడు. ఆ తరువాత నాలుగైదుసార్లు వెళ్ళి బాటకు అడ్డంగా కంప వేశాడు. ఊరివాళ్ళు కంప పక్కకు లాగి ఎక్కుతూనే ఉన్నారు. ఊరి పెద్దల దగ్గరకు పోయి, ఆ దారి మూసేయమని అడిగాడు.

"నీ ఆడది జారితే కొండ మూసీమంతావేటి?" అని వాళ్ళు నవ్వారు.

ఇంక అతను ఎవరినీ అడగలేదు. తన ఇంట్లోంచి మాత్రం ఎవరూ ఆ బాట ఎక్కకూడదన్నాడు. అతని కూతురు సుగుణ తల ఊపింది. సుగుణ ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ఊరి బడిలో పది వరకు చదివి, ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తుంది. మిషను తొక్కుతున్నంతసేపు ఆమె కళ్ళు కిటికీలోంచి కొండవైపు ఉండేవి. నేను చూరులోంచి చూసేదాన్ని.

అప్పుడు విజయనగరం నుంచి నడక సంఘంవాళ్ళు వచ్చారు. పట్నంలో మెట్లు ఎక్కడానికి లిఫ్టు పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి, చెమటలు కారేలా కొండ ఎక్కుతారు. మొదట ఊరంతా వాళ్ళను చూసి నవ్వింది. వాళ్ళ పెద్ద ఈశ్వరరావుగారు రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యారు. మెడలో ఈల, వెనకజేబులో పచ్చజెండా ఇంకా పోలేదు. అందరికంటే వెనక నడుస్తారు. వెనక ఎవరూ మిగల్లేదని చూసుకున్నాకే ఈల వేస్తారు. ఆ సంఘానికి ఒక నియమం ఉంది. ఒక ఆదివారం నడిస్తే, ఇంకో ఆదివారం అదే బాటకు పని చేయాలి. పొదలు కొట్టాలి, జారిన రాళ్ళు సర్దాలి, నీళ్ళు పక్కకు పోయేలా చిన్న కాలువలు తీయాలి.

"నీటికి దాని దారి ఇచ్చేస్తే, మన దారి జోలికి రాదమ్మా," అని గార్డుగారు సుగుణకు మొదటిరోజే చెప్పారు.

సుగుణ ఎలా చేరిందంటే, వాళ్ళు మంచినీళ్ళ కోసం ఇంటికి వచ్చారు. నీళ్ళిస్తూ, "నేనూ రావచ్చా?" అంది. ఆ మాటకు గార్డుగారి కంటే అచ్చియ్యమ్మే ముందు ఉలిక్కిపడింది. తరువాత చూరులోంచి నన్ను తీసి నేలమీద పెట్టింది. కత్తిని చేతిలోంచి చేతికి ఇస్తే తగువొస్తుందని వాళ్ళ నమ్మకం. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు కిందనుంచి తీసుకోవాలి.

"మీ నాన్న సంతకెల్లినాడు. వచ్చీలోపల వచ్చీ," అంది అచ్చియ్యమ్మ. "కొండ దిగువనే సుమీ. మలుపు కాడికి ఎల్లకు."

అలా కొన్ని ఆదివారాలు దిగువ బాటమీదే పనిచేశాం. తలంబ్రాల కంప కొట్టాం. పేరు పెళ్ళిది, పని ముళ్ళది. బాట రెండువైపులా అల్లుకుని ఎవరినీ పోనివ్వదు. సంఘంలో ఒకాయన ఒక్క కొమ్మ కొట్టి, నన్ను పట్టుకుని మూడు ఫోటోలు తీయించుకుని, అలిసిపోయి కూర్చునేవాడు. సుగుణకు మాత్రం పనిలో మాట పెరిగింది. గార్డుగారితో నవ్వేది కూడా.

తవిటినాయుడికి తెలియకుండా ఎంతకాలం ఉంటుంది? తెలిసింది. తిట్టలేదు. అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. సంఘంవాళ్ళు ఇక నీళ్ళమలుపు బాగుచేస్తామని సుగుణతో అంటున్నారు. అది బాగుపడితే సుగుణ పైదాకా పోతుంది. అతను ఒప్పుకోకపోతే ఆమె ఇక కొండకే పోలేదు. తల్లికీ కూతురికీ అదే ఆలోచన, ఇద్దరూ అతనికి చెప్పరు. చివరికి సుగుణ గార్డుగారికి తండ్రి ఫోను నంబరు ఇచ్చింది. పెద్దమనిషి చెబితే వింటాడేమోనని.

ఆ ఫోను నేనూ విన్నాను. తవిటినాయుడికి చెవి కాస్త మందం, అందుకని గట్టిగా వినపడేలా పెట్టుకుంటాడు.

"నాయుడుగారూ, ఈ ఆదివారం ఆ నీళ్ళమలుపు దగ్గర దారి కట్టాలండి. మీ అనుభవం ఉంటే మాకు ధైర్యం. మీరూ ఒక చెయ్యి వేయాలి."

తవిటినాయుడి గొంతు హుషారుగా మారిపోయింది. "అలగే బావూ! తప్పకుండా! మీరొచ్చీసరికి నానే కట్టీసి ఉంచుతాను."

అచ్చియ్యమ్మ, సుగుణ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుగుణ ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది.

శనివారం తవిటినాయుడు నన్ను తీసుకుని కొండెక్కాడు. ఆ చిన్న పిడి అతని చేతికి ఒరుసుకుంటున్నా పట్టించుకోలేదు. నాచేత రేగుకంప కొట్టించాడు. తుమ్మకంప కొట్టించాడు. మోపులు మోపులుగా ఈడ్చుకెళ్ళి నీళ్ళమలుపు దగ్గర పేర్చాడు. నడుమ గుంజలు పాతాడు, తీగతో బిగించాడు. అంత శ్రద్ధగా పని చేయడం నేనతనిలో ఎప్పుడూ చూడలేదు. పాట కూడా పాడాడు. నేను కత్తిని, కొట్టమన్నది కొట్టడమే. ఎందుకని అడగడం నాకు రాదు.

ఆదివారం పొద్దున్నే సంఘంవాళ్ళు గునపాలూ తట్టలూ మోసుకుంటూ ఎక్కి వచ్చారు. నన్ను పట్టుకుని ముందు సుగుణ ఉంది. మలుపు తిరిగి ఆగిపోయింది. వెనకవాళ్ళు ఆమెను గుద్దుకుని ఆగారు. మనిషెత్తు ముళ్ళగోడ. దాని ముందు కొత్త తువ్వాలు భుజాన వేసుకుని తవిటినాయుడు నిలబడి ఉన్నాడు.

"సూడండి బావూ! మేకపిల్ల కూడా దూరదు."

గార్డుగారు వెనకనుంచి ముందుకు వచ్చారు. గోడను చూశారు, అతన్ని చూశారు. "నాయుడుగారూ, దారి కట్టాలన్నాను కదండీ?"

"కట్టీసినాను కదా బావూ."

పట్నంలో గోడ కట్టినట్టు, మెట్లు కట్టినట్టు దారి కూడా కడతారట. కొండ కింద దారి కట్టడమంటే ముళ్ళు వేసి మూసేయడం. చేలో పశువులు పడకుండా ఏటా కడతారు. ఫోటోల ఆయనకు ముందు అర్థమైంది, పకపకా నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. తవిటినాయుడు వాళ్ళతోపాటు నవ్వబోయాడు. నవ్వు ఎందుకో తెలియక, సుగుణ ముఖం చూశాడు. అప్పుడు తెలిసింది.

"మూసీమన్నారనుకున్నాను బావూ," అన్నాడు మెల్లగా. "నా ఆడది ఇక్కడే పడిపోనాది. మూసీండని మూడేల్లగా అందరికీ సెప్తన్నాను. ఒక్కలైనా నా మాట ఇన్నారనుకున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. ఒకతను కంప లాగబోతే గార్డుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు. నాయుడుగారు కట్టింది మనం విప్పకూడదు. ఈవేళ్టికి ఇక్కడే ఆపుదాం." ఈల వేశారు. అందరూ దిగిపోయారు. తెచ్చిన పులిహోర కింద చింతచెట్టు దగ్గర కూర్చుని తిన్నారు.

ఆ సాయంత్రం తవిటినాయుడు ఇంట్లో చెయ్యి చాచి, కత్తి ఇలా ఇమ్మన్నాడు. సుగుణ నన్ను నేలమీద పెట్టింది. అతను వంగి తీసుకోలేదు. ఆ రాత్రంతా ఇద్దరి నడుమ నేనక్కడే పడి ఉన్నాను.

చీపురుగడ్డి ముదిరే రోజులవి. మంగళవారం ఊరి ఆడవాళ్ళు కొండకు పోతుంటే సుగుణ నన్ను తీసుకుని వాళ్ళ వెంట పోయింది. ఆ పిల్ల మాటలతో పోట్లాడదు. మలుపు దగ్గర ఈసారి కంప లాగడం ఎవరివల్లా కాలేదు, అంత గట్టిగా కట్టాడు. నరకడానికి నేనున్నాను గాని, తండ్రి కట్టినదాన్ని సుగుణ నరకలేదు. అందరూ పైనున్న గుల్లరాళ్ళ వాలు మీదుగా చుట్టు తిరిగారు. పోయేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు మోపుతో సుగుణ కాలు కింద రాళ్ళు కదిలాయి. ఆమె కూర్చుండిపోయి, నన్ను ఒక వేరు సందులో గుచ్చి, పిడి పట్టుకుని ఆగింది. రాళ్ళు చాలాసేపు దొర్లాయి. చివరి రాయి ఆగిన చప్పుడు నాకు వినిపించనే లేదు.

ఇంటికి వచ్చేసరికి తవిటినాయుడు మంచం అల్లుతున్నాడు. మోపు చూశాడు. కూతురి అరచేతిమీద గీరుకుపోయిన చర్మం చూశాడు.

"ఏ పక్కనుంచి ఎల్లినావు?"

"పైనుంచి."

"గుల్లరాళ్ళ మీంచా! అక్కడ మేక కూడా నిలవదే గుంటా! ఎవులు ఎల్లమన్నారు?"

"కింద దారి కట్టేసి ఉంది కదా నాన్నా," అంది సుగుణ. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టుగానే అంది.

అతని చేతిలో నవారు అలాగే ఉండిపోయింది. పొయ్యి దగ్గరనుంచి అచ్చియ్యమ్మ అందుకుంది. "పడింది నాను. ఇరిగింది నా కాలు. కోపం మాత్రం నీది. సూడు మావా, కొండమీద నానేటి ఒగ్గీసినానో నీకేటి తెలుసు? ఆ గాలికి సెమట ఆరీది. నలుగురాడోళ్ళం నవ్వుకునీవోళ్ళం. నాను మరెక్కలేను. దాన్నెక్కనీ. పడకండా ఎక్కనీ." ఆ తరువాత గొంతు తగ్గించి, "ఆ మలుపు కాడ రెండు రాళ్ళు పెట్టుంటే నాను పడేదాన్నేటి?" అంది.

అతను మంచం సగం అల్లి వదిలేశాడు.

కొన్నాళ్ళుగా నాకొక సంగతి తోస్తోంది. మనిషి చెయ్యి పట్టుకున్న పనిముట్టును బట్టి అతని ఆలోచన మారుతుందని నేను అనుకునేదాన్ని. నన్ను పట్టుకుంటే కొట్టాలనిపిస్తుంది. కానీ ఏ పనిముట్టు పట్టుకోవాలో మనిషి ముందే నిర్ణయించుకుంటాడు. అది మా చేతిలో లేదు. కొట్టిపారేయడం నాకు తెలుసు. నిలబెట్టడం నావల్ల కాదు. ఆ మర్నాడు గోడకు ఆనించి ఉన్న గునపాన్ని చూసి నేను మొదటిసారి అసూయపడ్డాను.

తెల్లవారుతుండగా తవిటినాయుడు లేచి ముఖం కడుక్కున్నాడు. గునపం తీసుకున్నాడు. పార తీసుకున్నాడు. తట్టలు ఒకదానిలో ఒకటి పెట్టి చంకన పెట్టుకున్నాడు. నావైపు చూసి, వద్దనుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అచ్చియ్యమ్మ గంజిచెంబు అందించింది. తాగి చెంబు ఆవిడ చేతికే ఇచ్చాడు. సుగుణ మిషను దగ్గర నిలబడి చూస్తోంది. అతను తువ్వాలు తలకు చుట్టుకుని, గడప దాటి నీళ్ళమలుపు వైపు నడిచాడు.