సుషుప్త మయూరము

మేఘములు తమ మూటముల్లెలు గట్టుకొని సముద్రము మీదుగా మరలిపోవగా శరత్సూర్యుని లేయెండ బందరు కాలువనీటికి పసిడిపూత పూయుచు వాహనముల మెడలయందలి బంతిపూదండలపై తడవితడవి నిలుచుచుండిన విజయదశమీ ప్రాతఃకాలమున అద్దేపల్లి హైమవతి తన కంప్యూటరు మరమ్మతుల దుకాణము తెఱచెను. ఇరువదియేండ్లుగా యంత్రరోగములకు చికిత్స సేయుచు రోగమెంత మొండిదైనను వైద్యురాలంతకంటె మొండిదను ధీమాతో వర్ధిల్లుచున్న ప్రౌఢ యామె.

ఆనాటి తొలి బేరము తొలి భారమై వచ్చెను. కలంకారి యచ్చులు చెక్కుటలో చేయి తిరిగి యిప్పుడా చేయియే వణకుచున్న పెడన వృద్ధశిల్పి బళ్ళ నాంచారయ్య పసుపుగుడ్డ విప్పి యొక హార్డుడిస్కును బల్లపై నుంచెను.

"తెర నల్లబడిపోయిందమ్మాయ్! ప్రాణం పోయిందని నేనే మరలూడదీసి గుండెకాయ పట్టుకొచ్చా. మూడు నెలలు గీసిన నెమలి ఇందులో ఉంది. ఇవాళ విజయముహూర్తానికి దాని మీద తొలి ఉలి పడాలి. మళ్ళీ గీయమంటే ఈ చెయ్యి గీయదు తల్లీ!"

"డిస్కు తెచ్చారా, రిస్కు తెచ్చారా బాబాయిగారూ? కూర్చోండి. మీ నెమలిని నేనాడిస్తాను."

విండోసు సంప్రదాయమున పుట్టి పెరిగిన యా డిస్కును హైమవతి తన లినక్సు యంత్రమునకు తగిలింపగా మౌంటై తన ఫైళ్ళను చూపవలసినది మౌనము వహించెను. ఈ పరదేశపు టమరిక నేనెఱుంగనని యంత్రము విన్నవించెను. ఆమె చిఱునవ్వుతో నా భాష తెలిసిన దుబాసీ ప్రోగ్రామునొకదాని నెక్కింపగా తలుపులు తెఱచుకొనెను. లతలు హంసలు మామిడిపిందెలు వరుసగా దర్శనమిచ్చెను. తుదకు నెమలియు వచ్చెను గాని దానికి తోక లేకుండెను!

"తోకేదమ్మా? నిన్న సాయంత్రమేగా పూర్తి చేశాను!"

హైమవతి డిస్కును మరమ్మతు సేయబూనగా చదువుకొనుడు గాని వ్రాయవలదని యంత్రము మరల నడ్డుపడెను.

"వినకపోతే బలవంతం చెయ్! తాళం పగలగొట్టు!" అని వృద్ధుడు తొందరించెను.

బలాత్కారమునకును ఒక యాజ్ఞ కలదు. ఆమె వ్రేలు మీటపైకి లేచెను. అయినను యంత్రము తన కష్టసుఖములు వ్రాసికొను దినచర్యను చివరి పంక్తిదాక చదువక చేయిచేసికొనుట యామె వ్రతమునకు విరుద్ధము. చదివెను. ఈ డిస్కు యజమానియగు విండోసు గాఢనిద్రలో నున్నాడు, ఆతని నిద్ర యిందే దాచబడియున్నదని యుండెను.

"నిన్న యంత్రాన్ని ఎలా ఆపారు?"

"ఆపడమేంటి! ఆయుధపూజ చేసిన పనిముట్టుని మూసేస్తామా? తోక గీశాను, బొట్టు పెట్టాను, నిద్రపుచ్చే మీట నొక్కాను."

"గీసింది సేవ్ చేశారా?"

"లేచాక మళ్ళీ దాని మీదేగా పని!"

హైమవతి వ్రేలు నిప్పుసోకినట్లు వెనుకకు వచ్చెను. తోక యా నిద్రలోనే కలదు. బలవంతపు టాజ్ఞ మొట్టమొదట తుడిచివేయునది యా నిద్రనే!

"పెట్టె ఎక్కడుంది?"

"బయట ఆటోలో. పండగపూట చచ్చినదాన్ని నీ కొట్లోకి తెస్తానా?"

"చచ్చింది తెర ఒక్కటే బాబాయిగారూ! పెట్టెని పట్టుకురండి."

ఆమె డిస్కుపై నొక్క యక్షరమైనను వ్రాయక దానిని మరల నా పెట్టెలో బిగించి తన దుకాణపు తెరను తగిలించి మీట నొక్కెను. పంకా తిరిగెను. పెట్టెపై నెండిన కుంకుమ జలజల రాలెను. మఱునిమిషమున వేయికన్నుల తోకతో మయూరము తెరనిండ నిలిచెను. నాంచారయ్య కన్నులు తుడుచుకొనెను.

"ముందు సేవ్ చేయండి. తర్వాత మూసేయండి."

"ఆ మాట అనకు! దీపాన్ని ఆర్పామంటామా?"

"సరే, కొండెక్కించండి."

వృద్ధుడు నవ్వి నెమలిని భద్రపఱచి యంత్రమును సగౌరవముగా కొండెక్కించెను.

తలుపు తెఱవనిచో బద్దలు కొట్టుటకు బలము చాలును. లోపల నిద్రించువారెవరో చెవియొగ్గి వినుటకు నేర్పు వలయును. మధ్యాహ్నము పెడనలో కాగితముపై ముద్రించి టేకుచెక్కపై నంటించిన నెమలి తోకయందలి మొదటి కన్నుపై వణకుచున్న ఉలి వ్రాలెను. వ్రాలిన పిదప వణకలేదు.